పూరీల మీద పడ్డ ఫిరంగి గుండు

మాచర్ల స్టేషను రోడ్డులో డీజిల్ పంపులు బాగుచేసే సత్తార్‌ని జనం సత్తార్ మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు. మొన్న జూన్ నెలాఖరు దాకా అంతే. జులై మొదటి వారంలో ఒక పొద్దున ఆయన షట్టరు ఎత్తుతుంటే, ఎదురు టీకొట్టు జమీర్ లేచి నిలబడి, చేతిలో టీ వడగట్టే గుడ్డ ఉండగానే సెల్యూట్ కొట్టాడు. వీడికి తెల్లారేపాటికి ఏమైంది అనుకున్నాడు సత్తార్. ఇంకాసేపటికి పంపు రిపేరుకి తెచ్చిన రైతు ఒకాయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. గ్రీజు కారే ఆ కొట్లోకి చెప్పులు విడిచి వచ్చిన మనిషిని సత్తార్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

సంగతేమిటంటే, సాంబశివరావు నోరు జారాడు. పోనీ ఏ రచ్చబండ దగ్గరో జారితే సాయంత్రానికి మర్చిపోయేవాళ్ళు. ఈయనగారు పోయి పోయి ఫోన్ల ముందు జారాడు.

సాంబశివరావు, సత్తార్ ఒకే ఫిరంగుల రెజిమెంట్‌లో ఇరవై ఏళ్ళు చేశారు. సత్తార్ లారీ డ్రైవరు, సాంబశివరావు వంటవాడు. ఇద్దరూ కార్గిల్ యుద్ధానికి వెళ్ళొచ్చారు. పెన్షను పుచ్చుకుని వచ్చాక ఈయన పంపుల కొట్టు పెట్టాడు, ఆయన మూడెకరాల మిరప చేసుకుంటూ పెళ్ళిళ్ళకి వంటలు ఒప్పుకుంటున్నాడు. సాంబశివరావు పులిహోర తిన్నవాళ్ళు పెళ్ళికొడుకు పేరు మర్చిపోతారు గానీ పులిహోరని మర్చిపోరు. ఆ వంటవాడి గుణమే మాటల్లోనూ ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు వడ్డించడం చేతకాదు, పైన జీడిపప్పు పడాల్సిందే.

కార్గిల్ విజయ దినం వస్తోందని, సందీప్ అనే కుర్రాడు తన ఫోను చానల్ కోసం సాంబశివరావుని కూర్చోబెట్టి యుద్ధం ముచ్చట్లు చెప్పమన్నాడు. ఆ వీడియోని సత్తార్‌కి చూపించింది మనవరాలు ఫాయిజా. ఎనిమిదో తరగతి పిల్ల.

"ఆ పొద్దు ద్రాస్ రోడ్డు మీద షెల్లింగు," అంటున్నాడు తెరమీద సాంబశివరావు, మెళ్ళో కొత్త కండువాతో. "ఒక ముక్కొచ్చి నా పిక్కలో దిగింది. పడిపోయా. ఇంక నా పనైపోయిందనుకున్నా. అప్పుడొచ్చాడు బాబూ మా సత్తారు! నన్నెత్తి వీపునేసుకుని రెండు కిలోమీటర్లు మోశాడు. పైన గుండ్లు, పక్కన లోయ. వాడు లేకపోతే ఈ సాంబశివరావు లేడు." అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

సత్తార్ ఫోను దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదట్నుంచీ చూశాడు. షెల్లింగు నిజం. వీపు నిజం. రెండు కిలోమీటర్లు కూడా కాస్త అటూ ఇటూగా నిజమే. ఎవరు ఎవర్ని మోశారన్నదే తిరగబడింది.

"దాదా, ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలా?" అంది ఫాయిజా. ఆ పిల్ల కళ్ళల్లో ఒకటే మెరుపు. "ఇరవై ఆరో తారీకు స్కూల్లో నా స్పీచ్ నీ మీదే. టీచర్‌కి చెప్పేశా. క్లాసంతా చెప్పేశా."

లోపల్నుంచి జైనాబ్ బీ చేతులు తుడుచుకుంటూ వచ్చి మొగుణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. "మీరా? మోశారా? సత్రం కాడ బియ్యం బస్తా దించమంటే నడుము పట్టిందని మూడు రోజులు పడుకున్నారు గదా!"

అప్పుడైనా ఉన్నమాట చెప్పేస్తే పోయేది. కానీ మనవరాలు అట్లా చూస్తుంటే చెప్పడానికి నోరెట్లా వస్తుంది? ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని స్కూటరెక్కి బయటికి నడిచాడు.

సాంబశివరావు ఒక కల్యాణమండపం వెనక గాడిపొయ్యి దగ్గర దొరికాడు. పెద్ద గిన్నెలో సాంబారు కలుపుతున్నాడు.

"ఒరేయ్ సాంబా, నీకు పిక్కలో దెబ్బెప్పుడు తగిలిందిరా?"

"ఎందుకు తగల్లా? పోయినేడు ఈ పొయ్యి కాడే కాలింది. మచ్చుంది, చూడు."

"మోసింది నువ్వు. మోయించుకుంది నేను. తిప్పి చెప్పావేందిరా దొంగసచ్చినోడా?"

"ఎవరు మోస్తే ఏందిరా? ఒక వీపు, ఒక మడిసి. లెక్క సరిపోయింది గదా." గరిటె తీసి రుచి చూసి, ఉప్పు గుప్పెడు పడేశాడు. తర్వాత ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను నిన్ను మోశానని చెబితే ఆ సందీప్ గాడు ఎందుకు మోశావంటాడు. వీడు ఎట్టా పడిపోయాడంటాడు. అప్పుడేం చెప్పను? చెప్పు, నువ్వే చెప్పు."

జవాబు ఉంది, అది ఇద్దరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరూ దాని జోలికి పోలేదు.

ఆ యుద్ధంలో కొండమీద ముందు పోస్టులో ముప్పై మంది ఉండేవారు. వాళ్ళకి తిండి కింద లంగర్‌లో, అంటే సిపాయిల వంటశాలలో, వండి పంపాలి. ఆ ఎత్తులో రొట్టెలు రాళ్ళవుతాయి కాబట్టి పూరీలే. ఒకరోజు నూనె డబ్బా దారిలో చిల్లి పడి కారుతుంటే, సాంబశివరావు మిగిలిన నూనెని పక్కనున్న ఖాళీ జెర్రీకాన్‌లో పోశాడు. అందులో ముందు కిరసనాయిలు ఉండేది. కడగడానికి నీళ్ళు లేవు, ఉన్నవి గడ్డకట్టాయి. వంటవాడు వాసన చూసుకోడా అంటారేమో, వారం రోజులుగా ఆయన ముక్కు దిబ్బడేసి ఉంది. బండిలో తిండి పట్టుకుపోయే డ్రైవరు ముందుగా తినడం అక్కడి ఆనవాయితీ. ఆ డ్రైవరు సత్తార్. ఆయనేమో పొద్దుటే గొట్టం నోట్లో పెట్టి డీజిల్ లాగి వచ్చాడు, నాలుక నాలుకలా లేదు. వేడివేడిగా పదకొండు పూరీలు లాగించాడు.

సగం దారిలో కడుపులో దేవింది. బండి ఆపి, దిగి, కక్కుకుని అక్కడే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే షెల్లింగు మొదలైంది. పక్క సీట్లో ఉన్న సాంబశివరావుకి బండి నడపడం రాదు. పూరీల డబ్బా, లారీ అక్కడే వదిలేసి, సత్తార్‌ని వీపునేసుకుని, గుండ్లు పడుతుంటే కింద ఆసుపత్రి గుడారం దాకా మోసుకెళ్ళాడు. అంత దూరంలో ఒక్కసారి కూడా బతికున్నావా అని అడగలేదు మహానుభావుడు. రొప్పుతూ ఒకటే మాట పదే పదే అడిగాడు. "ఒరేయ్, పూరీలు వాసనొచ్చినయ్యా?"

అప్పటికి సత్తార్ త్రేన్పుల నిండా కిరసనాయిలే. అయినా తనని మోస్తున్న ఆ చెమట మెడ చూసి, "లేదురా," అన్నాడు. డాక్టరు అడిగితే ఎత్తు పడలేదు సాబ్, కళ్ళు తిరిగాయి అన్నాడు. సిపాయిల తిండిలో కిరసనాయిలు కలిసిందని తెలిస్తే వంటవాడి నౌకరీ ఉండేది కాదు.

ఇదీ అసలు సంగతి.

"వంటోణ్ణిరా నేను," అన్నాడు సాంబశివరావు పొయ్యిలోకి చూస్తూ. "నన్ను పిరికోడను, పడతా. నా నూనె కంపు కొట్టిందని ఈ ఊళ్ళో ఒక్కడన్నా అంటే నేను బతకలేను."

ఇద్దరూ నోరు మూసుకుంటే సద్దుమణిగేదేమో. కానీ కారంపూడిలో సుబేదార్ గోపాలరావు ఉన్నాడు గదా.

ఆయన మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు. మీసం ఎంత నిటారో మాట అంత నిటారు. అబద్ధమంటే ఒళ్ళు మంట. ఎవడైనా టీకొట్టు దగ్గర నేను నలుగురిని కాల్చానంటే, ఏ తారీకు, ఏ కొండ, ఎన్ని గజాలు అని అడిగి చెమటలు పట్టిస్తాడు. ఆ యుద్ధంలో ముందు పోస్టులో ఉన్న ముప్పై మందికి అప్పట్లో హవల్దారు ఆయనే. ఏటా ఏదో ఒక బడిలో ప్రసంగిస్తాడు, ప్రతి ప్రసంగంలోనూ ఒకే ముచ్చట చెబుతాడు. "మాకు పూరీలొస్తున్నాయని రెండ్రోజులు కాచుకు కూర్చున్నాం. దుర్మార్గుడు సరిగ్గా మా పూరీల డబ్బా మీదే గుండేశాడు! ఆ కసితోనే కొండెక్కాం!" అనేసరికి పిల్లలు చప్పట్లతో బడి కప్పు లేపుతారు.

అట్లాంటి మనిషి వీడియో చూసి ఊరుకుంటాడా? మొదటి బస్సెక్కి సరాసరి సత్తార్ కొట్లో దిగాడు.

"ఏందయ్యా ఇది? గాయమైతే డిశ్చార్జి బుక్కులో ఉండొద్దా? వాడి బుక్కు నేను చూశా, ఒంటిమీద గీత లేదు. ఆదివారం పది గంటలకి సంఘం ఆఫీసులో ఆర్డర్లీ రూం పెడతన్నా. నువ్వు సాక్షివి. కసం తిని, ఒట్టేసి చెప్పాలి. వాడు చెప్పింది అబద్ధమని తేలితే విజయ దినం నాడు వాడు దండ వేసేది లేదు, సంఘంలో పేరుండేది లేదు."

ఆర్డర్లీ రూం అంటే పట్టాళంలో తప్పుచేసిన సిపాయిని అధికారి ముందు నిలబెట్టే తంతు. నెత్తిన టోపీ, నడుముకి బెల్టు తీసేసి, అటొకడు ఇటొకడు కాపలాగా కవాతు చేయించి తెస్తారు. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయ్యాక ఇదేం విడ్డూరమని జనం నవ్వుతారు గానీ, ఆ సంఘంలో ఎవరూ నవ్వలేదు. అందరికీ లోపల ఎక్కడో సరదాగానే ఉంది మరి.

శనివారమంతా సత్తార్‌కి పని సాగలేదు. బిగించిన నట్టే మళ్ళీ విప్పాడు. నిజం చెబితే సాంబడి పరువు పోతుంది. తన మనవరాలి ముందు తను పదకొండు పూరీలు తిని పడిపోయినవాడవుతాడు. అబద్ధం చెబుదామంటే కసం తిని చెప్పాలి, ఆ పనీ చేతకాదు. పైగా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఈ వారం రోజులు ఆ సెల్యూట్లు ఆయనకి బాగానే ఉన్నాయి.

దానికి తోడు ఆదివారం ఫాయిజా నోట్‌బుక్కు, పెన్ను పట్టుకుని బయల్దేరింది. "స్పీచ్‌లోకి పాయింట్లు కావాలి దాదా. అందరూ నీ గురించే మాట్లాడతారంట గదా!"

సంఘం ఆఫీసు పురుగుమందుల కొట్టు మీద మేడగది. గోపాలరావు బల్ల వెనక నిటారుగా కూర్చున్నాడు. పదిమంది మాజీలు గోడవారగా నిలబడ్డారు. ఫాయిజాని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు.

"తేజ్ చల్!" అని బయటినుంచి కవాతు అరుపు. బొజ్జ పెరిగిన సాంబశివరావు, అటూ ఇటూ మోకాళ్ళ నొప్పుల కాపలాదారులిద్దరూ ధడధడమంటూ వచ్చారు. గది చిన్నది, ఊపు పెద్దది. "థమ్!" అని ఆపేలోపే ముగ్గురూ పోయి బల్లకి గుద్దుకున్నారు. గోపాలరావు మంచినీళ్ళ గ్లాసు ఒళ్ళో పడింది. ఆయన తడిసిన ప్యాంటుతోనే, మొహం చెదరనీయకుండా అభియోగం చదివాడు. బెల్టు తీసేశారేమో, సాంబశివరావు బొజ్జ కిందికి జారిపోతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

తర్వాత సత్తార్ చేత కసం తినిపించాడు. "సాక్షి సత్తార్! నువ్వు ఇతన్ని మోశావా, లేదా?"

సత్తార్ సాంబశివరావుని చూశాడు. వాడు చూపుల్తోనే బతిమాలుతున్నాడు. కిటికీ దగ్గర చూశాడు. ఫాయిజా పెన్ను మూత తీసి రెడీగా ఉంది.

"లేదు సాబ్," అన్నాడు. "నేను మోయలా. నన్నే వీడు మోశాడు. గుండ్లు పడతా ఉంటే నన్ను వీపునేసుకుని మోశాడు. మీరు దండ వెయ్యనీయరంటన్నారే, ఆ దండ వీడి మెళ్ళో పడాలి."

ఫాయిజా పెన్ను ఆగింది. నోట్‌బుక్కులో పై వాక్యం మీద నెమ్మదిగా ఒక గీత కొట్టింది.

గోపాలరావు ముందుకు వంగాడు. "నీకు గాయమైందా?"

"కాలా సాబ్."

"మరి ఎందుకు మోశాడయ్యా? నీకేం రోగం?"

"ఎత్తు... పడలా సాబ్."

"కసం తిన్నావు సత్తార్!"

సత్తార్ తల దించుకున్నాడు. "పూరీలు తిన్నా సాబ్. పదకొండు. నా ఆశే నన్ను ముంచింది. వాడి తప్పేం లేదు."

అప్పటిదాకా కొయ్యబొమ్మలా ఉన్న సాంబశివరావు భళ్ళున ఏడ్చాడు. ప్యాంటు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయి, మళ్ళీ ఆ చేతిని ప్యాంటు మీదికే తెచ్చాడు.

"చాల్లేరా! మనవరాలి ముందు తిండిపోతువని కూడా చెప్పుకున్నావు, ఇంకెంత దాస్తావురా నన్ను! సాబ్, ఆ పూరీల్లో కిరసనాయిలుంది. నా చేత్తో నేనే ఆ డబ్బాలో నూనె పోశా. వీడికి తెలుసు. తెలిసీ డాక్టరుకి చెప్పలా, ఇరవై ఆరేళ్ళు చెప్పలా."

గదంతా గోలెత్తింది. గోపాలరావు చెయ్యెత్తి ఆపాడు. ఆయన మొహంలో ఏదో లెక్క తిరుగుతోంది.

"ఉండుండు. ఏ రోజు? ఆ పూరీలు ఎవరికి పోతన్నయ్?"

"మీకే సాబ్. ముందు పోస్టుకి."

"మాకొచ్చే పూరీల మీద గుండు పడింది గదయ్యా!"

సాంబశివరావు ప్యాంటు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఈ ముక్క సత్తార్‌కీ తెలియదు.

"పడలా సాబ్. వీణ్ణి ఆసుపత్రిలో పడేసి నేను బండి కాడికి తిరిగొచ్చా. బండికేం కాలా. డబ్బాకేం కాలా. అప్పటికి నా ముక్కు వదిలింది. మూత తీశా. ఒకటే కంపు. ఆడ తిరిగే కుక్కకి ఒకటేస్తే అది వాసన చూసి నా మొహం చూసి పోయింది. ముప్పై మంది కుర్రాళ్ళు తింటే ఏమైపోతారని డబ్బాతో సహా లోయలోకి తోసేశా. అడిగితే గుండు పడిందని చెప్పా."

గది మొత్తం మెల్లగా గోపాలరావు వైపు తిరిగింది. ఇరవై ఆరేళ్ళుగా బడి బడికీ తిరిగి, శత్రువు పూరీల మీద గుండేశాడని చెప్పిన సత్యసంధుడు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ఏ తారీకు, ఎన్ని గజాలు అని ఆయన్ని అడిగినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు. మీసం కొస ఒకటి కాస్త కిందికి వాలింది.

"మరి నేను..." అన్నాడు. "ఎన్ని బడుల్లో చెప్పానో... మొన్న నరసరావుపేట కాలేజీలో కూడా..."

ఎవరో కిసుక్కుమన్నారు. అది చాలు. గోడవారగా ఉన్న పదిమందీ పగలబడి నవ్వారు. కాపలాదారులు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. గోపాలరావు కాసేపు గంభీరంగా ఉండబోయాడు గానీ ఆయన చేత కూడా కాలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, లేచి, తన నెత్తిమీది టోపీ తీసి బల్లమీద పెట్టాడు. తన బెల్టు కూడా విప్పి దాని పక్కనే పెట్టి, బల్ల చుట్టూ వచ్చి సాంబశివరావు పక్కన నిలబడ్డాడు.

"నేనూ ముద్దాయినే. ఇంక శిక్ష ఎవరు వేస్తారో వెయ్యండి."

కిటికీ దగ్గర్నుంచి ఫాయిజా చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు. "ఆ పూరీలు ఇప్పుడు పెడితే సరిపోద్దిగా సాంబా తాతా? గోపాలరావు తాత పాపం ఇంకా తినలేదు."

శిక్ష ఖాయమైంది.

ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు వెనక కూర్చున్న పిల్ల నోట్‌బుక్కు తెరిచి, కొట్టేసిన వాక్యం వంకే చూస్తోంది. సత్తారే ఉండబట్టలేక అడిగాడు. "బాధపడ్డావా బేటా?"

"పడ్డా. కొంచెం. క్లాసంతా చెప్పేశా గదా, మళ్ళీ అందరికీ చెప్పుకోవాలి." తాత నడుము చుట్టూ చెయ్యి వేసింది. "కానీ దాదా, ఈ కథే బాగుంది. దీన్లో పూరీలున్నయ్."

సత్తార్‌కి కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందన్నట్టు రుద్దుకుంటూ బండి పోనిచ్చాడు.

ఇరవై ఆరో తారీకున బడి ఆవరణలో షామియానా వేశారు. మొదట గోపాలరావు మైకు పట్టుకుని, తను ఇన్నేళ్ళూ చెప్పింది తప్పని, శత్రువుకి తమ పూరీల సంగతే తెలియదని చెప్పాడు. పిల్లలు ఎప్పటికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాత ఫాయిజా లేచింది.

"మా దాదా యుద్ధంలో ఎవర్నీ మోయలేదు," అని మొదలుపెట్టింది. జనం గుసగుసలాడారు. "మా దాదానే ఒకాయన మోశాడు. ఆయన తప్పు చేశాడు, భయపడి దాచాడు. కానీ గుండ్లు పడుతుంటే మాత్రం భయపడలేదు, మా దాదాని వదల్లేదు. ఆయన ఇప్పుడు స్టేజీ వెనక పూరీలు వేస్తున్నాడు. మీరందరూ అటు తిరిగి చప్పట్లు కొట్టండి."

బడి బడంతా అటు తిరిగింది. గాడిపొయ్యి ముందు చెమటలు కక్కుతున్న సాంబశివరావు చిల్లుల గరిటె పట్టుకుని బిక్కమొహం వేశాడు. దండ తెచ్చి గోపాలరావు స్వయంగా ఆయన మెళ్ళో వేశాడు. పూలు నూనెలో పడతాయి సాబ్ అంటూ ఆయన దండని రెండు చేతులా పట్టుకున్నాడు.

వడ్డన మొదలయ్యే ముందు, ఒక పళ్ళెంలో ఒకే ఒక్క పూరీ పెట్టుకుని సాంబశివరావు సత్తార్ దగ్గరికొచ్చాడు. పట్టుకుపోయేవాడు ముందు తినడం ఆనవాయితీ గదా. గోపాలరావు, జైనాబ్ బీ, ఫాయిజా చుట్టూ చేరి చూస్తున్నారు. సత్తార్ పళ్ళెం అందుకుని, పూరీ తుంచి, ఆవిరి పోనిచ్చి, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. సాంబశివరావు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఒరేయ్, వాసనొస్తందా?"

"లేదురా," అన్నాడు సత్తార్, ఇంకో పూరీకి పళ్ళెం చాపుతూ.